ఎలెన్ పెట్టిన ఇంటూ గుర్తు

2021 వేసవి. ఇంగ్లండులో అప్పుడే చట్టం మారింది. చర్చిలో పెళ్లయ్యాక లావుపాటి రిజిస్టరులో సంతకాలు చేసే పద్ధతి పోయి, ఒక్క కాగితం మీద చేసి పంపితే చాలన్నారు. దాంతో పల్లెటూరి చర్చిల్లోని పాత మ్యారేజ్ రిజిస్టర్లు మా రికార్డ్ ఆఫీసుకు దారి పట్టాయి. కోవెంట్రీ నుంచి బస్సులో వెళ్లి అక్కడ ఆర్కైవిస్టుగా పనిచేస్తాను నేను. పాత పత్రాలను భద్రపరిచి, అడిగినవాళ్లకు చూపించే ఉద్యోగం. ఇక్కడి మన తెలుగువాళ్ల గెట్‌టుగెదర్లలో "పెళ్లిళ్ల రిజిస్టర్లు చూసుకుంటానండీ" అంటే, "మ్యారేజ్ బ్యూరోనా అమ్మా? మావాడికేదైనా సంబంధం ఉంటే చూడు" అంటారు ఆంటీలు. నా దగ్గరున్న పెళ్లికూతుళ్లు ఈ లోకంలో లేరని చెప్పడం ఎప్పుడో మానేశాను.

ఆ ఏడాది వచ్చినవాటిలో ఒక ఎస్టేటు ఊరివి ఉన్నాయి. ఎస్టేటు ఊరంటే ఇళ్లు, పొలాలు, బడి అన్నీ ఒకే దొరవి. ఇప్పటికీ ఆ ఊళ్లో తలుపులన్నిటికీ ఒకటే ముదురాకుపచ్చ రంగట. ఆ పుస్తకాలను మెత్తటి ఫోమ్ దిండ్ల మీద ఆనించి తిప్పేదాన్ని. గ్లవ్స్ వేసుకోరా అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు, కడిగి తుడుచుకున్న చేతులు చాలు. పశువుల కాపరి, వడ్రంగి, దొరగారింటి వంటమనిషి... పేజీ తిప్పితే అవే ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ పలకరిస్తుంటే, చూడని ఆ ఊరి మీద నాకు బెంగ పుట్టేది.

ఒకరోజు మార్గరెట్ గారని ఎనభై దాటిన పెద్దావిడ కర్ర సాయంతో వచ్చారు. ఆ ఊరివారే. పుస్తకాలు మాకు పంపేముందు ఊళ్లోవాళ్లు కొన్ని పేజీలు ఫొటో తీయించి, చర్చిలో ప్రదర్శన పెడుతున్నారట. అందులో ఒక బోర్డు ఆవిడ తాతమ్మ ఎలెన్, ఆమె భర్త టామ్‌ల పెళ్లిది. కింద 'చదువురాని దంపతులు' అని రాశారట.

"మా అమ్మ ఫ్యాక్టరీ పనికెళితే నన్ను పెంచింది ఎలెనే. అక్షరాలు నేర్పిందీ ఆవిడే. పెళ్లికి ముందు ఎస్టేటు బడిలో పసిపిల్లలకు చదువు చెప్పేదాన్ననేది. తర్వాతెప్పుడో నేర్చుకుని ఉంటుందని ఆ బోర్డు పెట్టినవాళ్లంటున్నారు. అంటే నాకు చెప్పినవన్నీ కోతలేనా, డియర్?"

మాస్కు పైన ఆవిడ కళ్లలో నీళ్లు. బోర్డు సంగతి సరే, పెంచిన మనిషి అబద్ధాలకోరు అవునా కాదా అన్నది తేలాలి ఆవిడకి.

ఆ పేజీ తీశాను. వరుడి వరసలో ఇంటూ గుర్తు. దాని కింద వధువు వరసలోనూ ఇంటూనే. సంతకం రానివాళ్లు అలా గీత మీద గీత గీస్తే, పక్కన పాదిరీ పేరు రాసేవాడు. మార్గరెట్ గారి కళ్లు వాలిపోయాయి.

కానీ మా పనిలో పెళ్లికూతుర్ని పెళ్లికూతురి వరసలోనే వెతికితే సరిపోదు. చిన్న ఊళ్లలో ఒకరి పెళ్లికి ఇంకొకరు విట్‌నెస్, అంటే సాక్షి. "ఎలెన్‌కి అక్కచెల్లెళ్లున్నారా?" అని అడిగాను. అక్క ఉండేదట. వెనక్కి తిప్పుతూ పోతే అక్క పెళ్లి దొరికింది, ఎలెన్ పెళ్లికి ముందు ఏడాదిది. తండ్రి పేరు అదే. సాక్షి చోట గుండ్రటి అక్షరాలతో, కొట్టివేత లేకుండా, ఎలెన్ పూర్తి సంతకం.

మార్గరెట్ గారు కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూశారు. "మరి తన పెళ్లికేమైంది?"

"సంతకం ముందు వరుడు పెట్టాలండీ. టామ్ ఇంటూ పెట్టి కలం ఇచ్చాడు. దొరగారి మనుషులు, ఊళ్లోవాళ్లు చుట్టూ ఉండి ఉంటారు. ఆయన్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక కొందరు ఆడవాళ్లు అలా చేసేవాళ్లు."

ఇది నేను చదువుకున్న సంగతే. కానీ మా తెనాలి అమ్మమ్మ బతికినన్నాళ్లూ తాతయ్య పేరు పలకలేదు. కాబట్టి ఎలెన్ నాకు కొత్తగా అనిపించలేదు, మా ఇంటి మనిషిలాగే అనిపించింది.

ఆవిడ నెమ్మదిగా అన్నారు: "రోజూ సాయంత్రం ఆయనకి పేపరు చదివి వినిపించేది. ఆయన కళ్లు బాగోవని మాకు చెప్పేది. ఇన్నేళ్లూ కళ్లే అనుకున్నాం."

"ఈ పేజీ కాపీ చర్చికి పంపిస్తాను. బోర్డు మారుస్తారు" అన్నాను. ఉత్సాహం ఆపుకోలేక కంప్యూటర్ కూడా తెరిచాను.

మార్గరెట్ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "వద్దు డియర్. ఆవిడదొక్కటే దిద్దితే, చదువురానివాడిగా ఆయన ఒక్కడే మిగిలిపోతాడు."

పెట్టెలో పేరుకున్న నిజాలను పైకి తీయడమే నా ఉద్యోగం. ఆ పూట మాత్రం పుస్తకం మూసి, ఆవిణ్ణి బస్టాపు దాకా దిగబెట్టి వచ్చాను. చర్చిలో బోర్డు మారలేదు. మీకిలా తెలుగులో చెబుతున్నాను గనక ఆ ఊళ్లో ఎవరికీ తెలియదనే ధైర్యం.

ఇప్పుడు మా రీడింగ్ రూములో ఎవరైనా తమవాళ్ల ఇంటూ గుర్తు చూసి "అయ్యో, చదువు లేదన్నమాట" అంటే, అవునని అనను. "సంతకం చెయ్యలేదండీ" అంటాను. నాకు కనిపించేది అంతే కదా.