గంగమ్మ సంతకం లేని అగ్రిమెంటు

మా మేనమామ పోయాడు. పోయిన వారం, మదనపల్లెలో, సొంత మంచం మీద, మధ్యాహ్నం భోజనం ముగించుకుని మరీ. అత్త ఫోన్ చేసి, "మీ మామ లేవలేదప్పా. కాఫీ తీసకపోయి పిలిస్తే పలకలేదు" అంది. "కాఫీ అట్నే ఉండాది" అని కూడా అంది. మామిడి సీజన్ ముగిసి, మెషీన్లు కడిగించి, గోడౌన్‌కు తాళం వేయించాకే పోయాడు. ఇందులో మా బంధువులెవరికీ ఆశ్చర్యం కలగలేదు. కాయ దిగే నెలల్లో ఆయన జలుబుకు కూడా టైమివ్వడని అందరికీ తెలుసు.

ఇలాంటప్పుడు పోయినవారిని మహనీయుడని రాయడం ఆనవాయితీ. క్షమించాలి, మా మామ పుంగనూరు బయట మామిడి గుజ్జు తీసే ఒక చిన్న ఫ్యాక్టరీకి యజమాని, అంతే. అది ఏడాదిలో రెండు నెలలు ఫ్యాక్టరీ, మిగతా పది నెలలు బల్లుల విడిది. నేను రాయదలుచుకున్నదీ చిన్న విషయమే: కూలీలను సప్లై చేసే ఏజెన్సీని ఎలా ఎంచుకోవాలో ఆయన ఎలా నేర్చుకున్నాడన్నది. మీలో ఎవరైనా రేపు ఏదైనా పరిశ్రమ పెడితే పనికొస్తుంది. పెట్టకపోతే ఒక మనిషి పరిచయమవుతాడు. అదీ నష్టం కాదు.

ఏ పండునైనా తొడిమ దగ్గర వాసన చూడటం ఆయన అలవాటు. ఫ్యాక్టరీలో దాన్ని నైపుణ్యం అనేవాళ్లు. పెళ్లి భోజనాల్లో ఆకులో వేసిన అరటిపండును కూడా అలాగే వాసన చూస్తుంటే అత్త మోచేత్తో పొడిచేది. ఫోన్‌లో ఊరి దూరాన్ని బట్టి గొంతు పెంచేవాడు. పుంగనూరుకు కూర్చుని మామూలుగా, కుప్పానికి కూర్చునే గట్టిగా, బెంగళూరుకైతే లేచి నిలబడి. "మాగిన కాయ మన మాట ఇనదురా" అనేది రోజుకు ఒక్కసారైనా అనే మాట. ఆ మాట వెనక ఆయన భయమంతా ఉండేది.

సీజన్లో వందమందికి పైగా కావాలి. కాయలు కడగాలి, తొడిమలు కోయాలి, చెడిన ముక్క తీసేయాలి. అంతమందిని ఏడాది పొడుగునా పెట్టుకోలేం గనక ఏజెన్సీ తెస్తుంది. కూలి వాళ్లిస్తారు, పీఎఫ్ వాళ్లు కడతారు, మనం వాళ్లకు బిల్లు చెల్లిస్తాం. అప్పట్లో మామకు మనుషుల్ని తెచ్చేది కుప్పం ఏజెంటు. పెద్ద గొంతు, ఆకూవక్కల నోరు. రేటు మాట్లాడుతుంటే ఎద్దుల సంత గుర్తొచ్చేది. ఒక ఏడు సీజన్ మొదట్లోనే మామ వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ చేతికిచ్చి, "నీ మనుషులు గంగమ్మ జాతరకు పోరు కదప్పా?" అన్నాడు. ఏజెంటు కాఫీ వైపు చూసి, "పోరన్నా" అన్నాడు.

సరిగ్గా కాయ దిగే రోజుల్లోనే వస్తుంది ఆ అమ్మవారి జాతర. మొదటి రోజు గేటు ముందు మూడు లారీల మాగిన కాయ, వాచ్‌మన్, మామ, నేను. కుప్పం బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ ఒక్కడే దిగి, నీళ్లు తాగి, మళ్లీ ఎక్కాడు. మదనపల్లె నుంచి అత్త కత్తిపీటతో దిగింది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఎంత కోసినా ఒక లారీ మూల కూడా తరగలేదు. మిగిలిందంతా పులిసిపోయింది. ఆ వాసన దసరా దాకా ఉంది. మా గుజ్జు మొత్తం కొనేది ఒకే ఒక్క బెంగళూరు కంపెనీ. వాళ్లు ఫోన్ చేసి, వచ్చే ఏడు ఇంకొక్కసారి సరుకు తగ్గితే వేరే చోట చూసుకుంటామన్నారు. మామ ఆ ఫోన్ కూర్చుని మాట్లాడాడు. వాళ్లు పోతే ఫ్యాక్టరీ పూర్తిగా బల్లులకే.

మరుసటేడు నేను మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లోని కాలేజీలో ఇంజనీరింగ్ పాసై, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ రావడం కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నాను. ఏజెన్సీని మార్చే భారాన్ని నా భుజాల మీదికి నేనే ఎత్తుకున్నాను. మదనపల్లెలో అద్దాల ఆఫీసు, కంప్యూటరు, టై కట్టుకున్న మేనేజరు ఉన్న ఏజెన్సీకి మామను తీసుకెళ్లాను. మామ కాగితాలను తక్కువ చేసే మనిషి కాదు. లైసెన్సు చూశాడు, పీఎఫ్ రసీదులు చూశాడు, వాళ్లు మనుషుల్ని పంపే ఇంకో ఫ్యాక్టరీ పేరడిగి అక్కడికి ఫోన్ చేశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. చివర్లో, "మీ వాళ్లు జాతరకు పోరు కదా?" అన్నాడు.

"నెవర్ సార్" అన్నాడు మేనేజరు. "సీజన్లో లీవు లేదని అగ్రిమెంట్లోనే రాసేస్తాం. అందరూ సంతకం పెడతారు."

"గంగమ్మ పెట్టిందా?"

మేనేజరు నవ్వాడు. మామ నవ్వలేదు. బయటికొచ్చి స్కూటర్ స్టాండు తీయకుండా దాని మీద కూర్చున్నాడు.

"పోయినేడు కుప్పమోడు చెప్పిందే ఈడు టై కట్టుకోని చెప్తాండాడు."

"అయితే ఇద్దరూ అబద్ధాలకోర్లే మామా."

"అబద్ధం వాళ్లది కాదురా అల్లుడా. ప్రశ్న నాది. కాఫీ ఇచ్చి 'పోరు కదా' అంటే, 'పోతారు' అని మొకం మీద చెప్పేటోడు మన పక్క ఇంకా పుట్టలే."

నేనిప్పుడు బెంగళూరులో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే కుర్చీలో కూర్చున్నాను. సెలవులు పెడతావా అని ఎవర్నీ అడగను. ఎప్పుడు పెడతావని అడుగుతాను. ఈ కిటుకు ఏ పుస్తకంలో నేర్చుకున్నావని మా బాసు అడిగితే, ఆగివున్న స్కూటర్ మీద అని చెప్పలేక ఊరుకున్నాను.

మర్నాడు మామ కుప్పం బయల్దేరాడు. "మళ్లీ ఆయప్ప దగ్గరికేనా?" అంది అత్త. "పోండి పోండి. కత్తిపీట సాన పట్టించుకోనుంటా."

కుప్పం ఏజెంటు మమ్మల్ని చూసి, తిట్టడానికి వచ్చామనుకుని లేచి నిలబడ్డాడు. మామ కూర్చుని, "జాతరకు ఎన్ని దినాలు పోతారప్పా?" అన్నాడు.

ఏజెంటు నమలడం ఆపాడు. "మూడు దినాలన్నా."

"నువ్వు?"

"నేను వాళ్లకంటే ముందే పోతా."

"ఈ మాట పోయినేడు యాల చెప్పలే?"

"నువ్వు అడగలే కదన్నా."

నేను దగ్గాను. మామ నా వైపు చూడకుండా, "ఆ మూడు దినాలకు?" అన్నాడు.

"సోమల, గంగవరం వాళ్లను పంపిస్తా. వాళ్ల జాతర వేరే. కానీ వాళ్లకు నీ పని తెలీదు. ముందే పిలిపించి నేర్పల్ల, ఆ కూలి నువ్వియ్యల్ల. నాలుగో దినం మాత్రం వాళ్లు నిలవరన్నా. సినుకు పడింటే సెనక్కాయ ఎయ్యల్ల."

"నాలుగో దినానికి నీ వాళ్లు వస్తారా?"

"వస్తారనే అనుకుంటాండా."

ఇంతకంటే నాసి హామీ నేను వినలేదు. అదే చెప్పాను కూడా. మామ మాత్రం అంతకుముందు విన్న హామీలన్నిటికంటే ఇదే నయమన్నాడు. ఈ ఏజెంటు లైసెన్సు, రసీదులు కూడా చూసి, వక్క మరకలు పోగా మిగిలింది చదివి, రేటు దగ్గర ఇద్దరూ మనసారా అరుచుకుని, ఖాయం చేసుకున్నారు.

జాతర వచ్చింది. సోమల వాళ్లు, గంగవరం వాళ్లు వచ్చారు. చేయి నిదానం. మెషీను వాళ్ల కోసం అప్పుడప్పుడూ ఆగింది గానీ, ఖాళీగా నిలబడలేదు. మూడో రోజు సాయంత్రం మబ్బు పట్టింది. ఆకాశం వైపు చూసి, మూటలు కట్టుకుని వెళ్లిపోయారు.

నాలుగో రోజు పొద్దున గేటు ముందు మళ్లీ లారీలు. కాయ మాగి రంగు తిరిగింది. వాచ్‌మన్ కుర్చీ తెస్తే మామ కూర్చోలేదు.

"మామా, రాకపోతే?"

"రాకపోతే మీ అత్త ఉండాది కదరా" అన్నాడు. గొంతులో జోకు లేదు.

ఎండ ఎక్కాక ఒక టెంపో వచ్చింది. వెనక ఇంకొకటి. ముందు సీట్లోంచి ఏజెంటు దిగాడు. మూడు రోజులు అరిచీ అరిచీ గొంతు పోయింది. వెనక నుంచి ఒక్కొక్కరే దిగారు. నిద్రలేని కళ్లు, పసుపు మొహాలు, కొందరివి అప్పుడే గీయించిన గుండ్లు. ముందు నడిచిన పెద్దామె గేటు దగ్గర కాగితం పొట్లం విప్పి, "గంగమ్మ కుంకుమప్పా" అని మామ ముందు పట్టింది. చిటికెడు తీసి పెట్టుకున్నాడు. వెనకున్నామె కూడా పట్టింది. ఆమె వెనక గుండు కుర్రాడు. కాదంటే ఎవరు నొచ్చుకుంటారోనని ప్రతి పొట్లంలోంచీ చిటికెడు తీసుకుంటూ, బొట్టు మీద బొట్టు పెట్టుకుంటూ పోయాడు. లోపల మెషీను మొదలైంది. చెమటకు కుంకుమ కరిగి ముక్కు మీదికి, మీసంలోకి, తెల్లచొక్కా మీదికి కారుతోంది. ఆయన తుడుచుకోకుండా, ఎర్రటి మొహంతో, తర్వాతి పొట్లం కోసం కొంచెం ముందుకు వంగి నిలబడ్డాడు.