మాత్ర మింగిన చేతులు

మా తోటికోడలు మునిలక్ష్మి పోయి ఏడాదైంది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. గుడుపల్లె దగ్గర మా ఊళ్లో పట్టుపురుగులు పెంచడంలో ఆమెను మించిన చేయి లేదు.

ఎనభై నాలుగులో ఆమె రొమ్ములో గడ్డ తేలింది. కుప్పంలో రైలెక్కి వేలూరు పోయాం. గడ్డ తీసి పరీక్షకు పంపారు. తర్వాత తెలుగు తెలిసిన నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. ఆడవాళ్ల ఒంట్లో ఊరే హార్మోను కొందరి గడ్డలకు మేత అవుతుందట. అక్క గడ్డలో ఆ హార్మోను వచ్చి పట్టుకునే తావులు ఉన్నాయని పరీక్షలో తేలిందట. ఈ మాత్ర ఆ తావుల్లో ముందే చేరి కూర్చుంటుంది, మేత అందనివ్వదు, ఏళ్ల తరబడి మానకుండా వేసుకోవాలి అంది. అక్కకు వెంటనే అర్థమైంది. మేత సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా.

చిక్కు ఇంట్లో వచ్చింది. పురుగులున్న ఇంట్లోకి మావైపు మందు రానివ్వరు. వాసన తగిలితే చస్తాయని భయం. మా మామ కొండప్ప నొప్పుల తైలం కూడా గడప దాటనిచ్చేవాడు కాదు. పట్టుగూళ్లు అమ్మేదాకా మాత్రలు ఆపమన్నాడు. ఒక పంట అయితే ఇంకో పంట. ఆపితే ఇక ఆపినట్టే.

అక్క మాత్రలు తీసుకెళ్లి పక్కింటి అజీజాబీ దగ్గర పెట్టింది. రోజూ సాయంత్రం అక్కడే మింగి వచ్చేది. "మా కోళ్లే నయం లక్ష్మమ్మా, అత్తరు పూసినా సావవు" అని అజీజాబీ నవ్వేది.

మామకు తెలిసింది. కోప్పడలేదు గానీ, మాత్ర మింగిన చేతులతో పురుగుల తట్టలు ముట్టవద్దన్నాడు.

"అట్లే కానీ మామా. తట్టలన్నా ఇడుస్తా, మాత్ర ఇడవను" అని అక్క గడప బయట కూర్చుంది. పురుగులకు మల్బరీ ఆకు నేనే వేశాను.

నాలుగో జ్వరం వచ్చింది. పురుగులు మేత మాని, తలెత్తి పడుకుని చర్మం వదిలే రోజుల్ని మేము అలా అంటాం. అన్నీ లేవకముందే ఆకు వేస్తే పంట చెడుతుంది, ఆలస్యమైతే ఆకలికి వాడిపోతాయి. అన్నీ లేచాయో లేదో నాకు తెలియలేదు. మామకు చూపు తగ్గింది. ఆయన తట్ట పట్టుకుని గడప దాకా వచ్చి, బయటికి తెస్తే గాలి తగులుతుందని అక్కడే నిలబడిపోయాడు.

"లోపలికి రామ్మా" అన్నాడు అక్కతో.

"ఇప్పుడే మాత్ర ఏసుకోని వచ్చినా మామా."

"తెలుసులే. సేతులు కడుక్కోని రా."

అక్క వచ్చి చూసి, ఇంకొంచెం ఆగాలంది. ఆగాం. గూళ్లు గట్టిగా వచ్చాయి.

మరుసటి పంటకూ మాత్రలు అజీజాబీ ఇంట్లోనే ఉన్నాయి. సాయంత్రం కాగానే "పోయొచ్చినావా?" అని అడిగేది మాత్రం మామే.