ఒక్క ఫోటో కూడా తీయని రోజు

నా చిన్నప్పుడు, సెల్‌ఫోన్‌తో ఫోటో తీస్తే మనిషో గోనెసంచో తెలియని రోజుల్లో, నేను ఒక పెళ్లిని మొత్తంగా చెరిపేశాను. ఆ పెళ్లికూతురికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. అందుకే ఇంకా పండక్కి పిలుస్తుంది.

మా మామకు పళ్ళిపట్టులో ఫోటో స్టూడియో ఉండేది. పాండూరులో నాకు అక్క వరసయ్యే బంధువుల అమ్మాయి పెళ్లికి ఆయనే ఫోటోలు తీశాడు. మరునాడు పొద్దున్నే పక్షులను చూపిస్తానని నన్ను పులికాట్ సరస్సుకు తీసుకెళ్లాడు. పడవలో కెమెరా నా చేతికిచ్చాడు. దూరంగా నీళ్లలో ఫ్లెమింగోలు గులాబీ గీతలా నిలబడి ఉన్నాయి. నొక్కాను. మెమరీ కార్డు నిండిపోయిందని తెరమీద వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే అంతా పంక్తిలో సాంబారన్నం తింటున్నవాళ్లే. నోరు తెరిచిన ఒక పెద్దాయనను తీసేస్తే ఎవరికీ నష్టం లేదనుకున్నాను. ఏ బటన్ నొక్కానో గానీ ఆయనతోపాటు పెళ్లికొడుకు, తాళి, పురోహితుడు, అందరూ పోయారు.

చుట్టూ అన్ని నీళ్లుండగా నా నోరు ఎండిపోయింది. పెళ్లి మళ్లీ చేయించవచ్చా అని కూడా ఆలోచించాను. ఆ బావను ఒకసారి ఒప్పించడానికే మూడేళ్లు పట్టింది.

“మామా, పెళ్లి పొయింది” అన్నాను.

ఆయన కెమెరా తీసుకుని ఖాళీ తెరను రెండుసార్లు చూశాడు. ఈ మాట బయటికి పొక్కితే ఇక ఏ ఊరివాళ్లూ ఆయన్ని పెళ్లికి పిలవరు. అది నాకూ తెలుసు. తిడితే బాగుండుననిపించింది.

“పాపా, ఇంక ఒక్కటి గూడా తీయొద్దు. పొయినవి ఇంకా కార్డులోనే ఉంటాయి. కొత్తది తీస్తే వాటి చోట్లో కూర్చుంటాది. అప్పుడు నిజంగానే పోతాయి.”

సరిగ్గా అప్పుడే వేలకొద్దీ పక్షులు ఒక్కసారిగా లేచాయి. ఆకాశం ఎర్రబడింది. “ఎడుంగ సార్, ఎడుంగ” అని పడవవాడు తీయమని తొందరపెట్టాడు. ఆ దృశ్యం కోసం ఏళ్లుగా తిరుగుతున్న మామ కెమెరాను ఒడిలో పెట్టుకుని, నా రెండు చేతులూ పట్టుకుని, చివరి పక్షి వాలేదాకా కదలకుండా కూర్చున్నాడు.

మధ్యాహ్నం తిరుత్తణిలో ఒక కంప్యూటర్ షాపులో ఫోటోలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. తాళి కట్టే ఫోటో చిట్టచివర వచ్చింది. అది కనబడేదాకా మామ టీ గ్లాసు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు.

ఇప్పుడు నాది ఆఫీసు ఉద్యోగం. పాడుచేయడానికి అక్కడ చాలానే ఉంటాయి. ఏదైనా చెడగొట్టగానే సర్దేయాలని చెయ్యి ఉరుకుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు ఏదో ఒకటి చెయ్యమంటారు. నేను మాత్రం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. మామకు అలాంటి ఫోటో మళ్లీ దొరకలేదు. కానీ ఆ పక్షులు ఎలా లేచాయో అడిగితే, ఇద్దరం ఇప్పటికీ ఒకేలా చెబుతాం.