ముందుమాట మామయ్య

తన నడుముకి పిస్తోలు ఉందన్న సంగతి ఎదుటివాళ్లు అడగకముందే చెప్పెయ్యకపోతే మామయ్యకి ప్రాణం ఊరుకోదు.

ఆయన నగల దుకాణం బండికి డ్రైవరు. సరుకుకి కాపలా కూడా ఆయనే కాబట్టి లైసెన్సున్న పిస్తోలు వెంట ఉంటుంది. ఊరి చుట్టూ రోడ్ల మీద తనిఖీ గేట్లు. ఆయుధం పెట్టుకుని బండి నడిపేవాడు గేటు దగ్గర ఎలా మసలుకోవాలో చట్టం చెప్పింది: ఆపమన్నచోట ఆపాలి, అడిగితే ఆయుధం సంగతి దాచకూడదు, లైసెన్సు చూపించాలి, ఆయుధం మీద చెయ్యి వెయ్యకూడదు.

మామయ్య దానికి సొంత హంగులు చేర్చారు. గేటు అల్లంత దూరాన ఉండగానే బండి నెమ్మదిస్తుంది. ఆగగానే ఇంజను ఆపేసి, అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగు మీద వేళ్లు విప్పి పెడతారు. "నమస్కారమండీ. నా దగ్గర పిస్తోలుంది. కుడివైపు నడుముకుంది. లైసెన్సు ఎడమ జేబులో ఉంది. మీరు చెప్పందే చెయ్యి కదపను" అని, పసిపిల్లకి జోల పాడినంత మెల్లగా చెబుతారు.

గేట్లతో ఆగితే బాగానే ఉండేది. పళ్ల డాక్టరు నోరు తెరవమంటే తెరిచి, ఆ తెరిచిన నోటితోనే మొత్తం చెప్పారు. డాక్టరుకి ఒక్క ముక్క అర్థం కాలేదు. నర్సుకి అర్థమైంది. చీటీ తెస్తానని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు.

కూతురి పెళ్లి మాటలకి కాబోయే అల్లుడి ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడూ గుమ్మంలోనే నిలబడిపోయి, చేతులు రెండూ ఛాతీ ఎత్తున పెట్టి అంతా అప్పజెప్పారు. అల్లుడి తల్లి కొడుకుని వంటింట్లోకి పిలిచి, "వీళ్లు పిల్లనిద్దామని వచ్చారా, ఇవ్వకపోతే ఏంచేస్తారో చెబుదామని వచ్చారా?" అని గుసగుసగా అడిగింది.

ఊళ్లో ఆయనకి ముందుమాట మామయ్య అన్న పేరు స్థిరపడింది. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే అల్లుడికి ఇది తలవంపులుగా ఉండేది. మామగారితో కారెక్కాలంటే చాలు, ఏదో ఒక పని గుర్తొచ్చేది.

అలాంటివాడు ఒక మధ్యాహ్నం తప్పించుకోలేకపోయాడు. కిడ్నీలో ఉన్న రాయి కదిలింది. ఆసుపత్రి పక్క ఊళ్లో. మామయ్య డ్యూటీలోంచి ఉన్నపళంగా వచ్చి, మెలికలు తిరిగిపోతున్న అల్లుణ్ణి తన కారు వెనక సీట్లో పడుకోబెట్టి, నిండా దుప్పటి కప్పి బయల్దేరారు.

గేటు కనబడగానే కారు నెమ్మదించింది. అల్లుడు ఆ నొప్పిలోనే దణ్ణం పెట్టాడు. ఈ ఒక్కసారికి ఆ పాఠం వద్దని, తిన్నగా పోనిమ్మని బతిమాలాడు. మామయ్య ఇంజను ఆపేశారు.

కారు దగ్గరికి వచ్చింది కొత్తగా చేరిన కాపలా అమ్మాయి. అంతకు కొన్నాళ్ల ముందే వేరే గేటు దగ్గర ఎవరో కారులోంచి కాల్పులు జరిపారు. ఆమె అడుగు ఆచితూచి పడుతోంది. తుపాకీ చేతిలో సిద్ధంగా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే అల్లుడికి నొప్పి మెలిపెట్టింది. దుప్పటికింద నుంచి గావుకేక వేశాడు. ఆమె చప్పున వెనక్కి జరిగి తుపాకీ ఎత్తింది.

మామయ్య గొంతు రవ్వంత కూడా పెరగలేదు. పిస్తోలు ఎక్కడుందో చెప్పారు. లైసెన్సు ఎక్కడుందో చెప్పారు. చెయ్యి కదపనన్నారు.

"వెనక సీట్లో మా అల్లుడున్నాడమ్మా. కిడ్నీలో రాయి. దానికి మాత్రం లైసెన్సు లేదు."

ఆమె పెదవులు విచ్చుకున్నాయి, తుపాకీ దిగింది. దుప్పటి తొలగించి అల్లుడి మొహం చూసి, లైసెన్సు సంగతి తరవాత చూద్దామని తానే గేటెత్తింది. ముందున్న గేట్లకి ఫోన్ చేసి, ఫలానా కారుని ఆపొద్దని చెప్పింది. కారు కదలబోతుంటే మామయ్య అన్నారు: "భయమేసినా వేలు ట్రిగ్గరు మీదికి పోనివ్వలేదు. మంచి పని చేశావమ్మా."

మర్నాడు, రాయి పీడ వదిలాక, ఆసుపత్రి మంచం మీద అల్లుడు ఆలోచనలో పడ్డాడు.

"మామయ్యగారూ, చట్టం అడిగితేనే చెప్పమంది కదా. మీరు అడగకముందే ఎందుకు చెబుతారు?"

మామయ్య నీళ్ల గ్లాసు అందించి, మంచం అంచున కూర్చున్నారు.

"డ్రైవరు కాకముందు నేనూ గేటు దగ్గర కాపలా నిలబడ్డవాణ్ణే బాబూ. ఆగిన కారు కిటికీ దాకా నడుస్తామే, లోపల ఏముందో తెలీదు. అడగడానికి నోరు పెగలదు. అవతలివాడే ముందు చెబితే ఎంత బాగుండునో అనుకునేవాణ్ణి. ఒక్కడూ చెప్పలేదు."

అల్లుడు గ్లాసులో నీళ్లన్నీ తాగేశాడు.

తిరుగు ప్రయాణంలో అదే గేటు. ఆ అమ్మాయి ఈసారి చకచకా నడిచొచ్చింది. పక్కన ఇంకో కొత్త మనిషి, ఆవేళే డ్యూటీలో చేరినట్టున్నాడు, మొహం పాలిపోయి ఉంది. ఈయన చెప్పేది వినమని ఆమె అతన్ని కిటికీ దగ్గరికి తోసింది. మామయ్య చేతులు స్టీరింగు మీద పెట్టి, నమస్కారం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పారు. అతను తలూపాడు గాని గుటకలు మింగడం మానలేదు.

వెనక బోలెడు బళ్లు హారన్లు కొడుతున్నాయి. అల్లుడు అద్దం దించుకుని, సీటుకి తీరిగ్గా చేరగిలబడ్డాడు.

"మామయ్యగారూ, ఆయనకి సరిగ్గా వినపడినట్టు లేదు. ఇంకోసారి చెప్పండి."