రొట్టె పెనం, దోశ పెనం

మా అత్తగారింట్లో రెండు పెనాలుండేవి. రెండూ ఇనుపవే, రెండూ నల్లవే. ఒకటి జొన్నరొట్టెలకు, ఒకటి దోశలకు. రొట్టె పెనం మీద నూనె చుక్క పడకూడదు, దోశ పెనానికి తడిగుడ్డ తగలకూడదు. కాపురానికి వచ్చిన కొత్తలో తెలియక దోశ పెనం మీద రొట్టె కాల్చాను. అత్త సగానికి కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి, నన్ను చూస్తూ పెనం రుద్దుతూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

అత్త పోయాక మా ఆయన, వాళ్లన్న బోరు నీళ్ల వంతు దగ్గర పట్టుపట్టి వేరుపడ్డారు. పెరట్లో నడుమెత్తు గోడ లేచింది. సామాన్లు పంచుకునే రోజు మా తోడికోడలు దోశ పెనం తీసుకుంది. నా రొట్టెలు ఎట్లా పొంగుతాయో ఊరంతా చెప్పుకునేవారు కాబట్టి నేను రొట్టె పెనం అందుకున్నాను. మంచి వాటా నాదేనని మురిసిపోయాను కూడా.

మా ఇద్దరికీ గొడవేమీ లేదు. మొగుళ్లు మాట్లాడుకోనప్పుడు మనకేం మాటలని ఆమె మూతి ముడుచుకుంది. పెద్దది, ఆమే పలకరించనీ అని నేను బిగుసుకున్నాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు తల దువ్వి జడవేసిన మనిషి ఆమె. అక్కా అని పిలిచే నోరు ఊరుకుంటే నాకు తిన్నది ఒంటబట్టలేదు. అయినా ముందు నేను పలకరిస్తే ఒట్టే! నా పొగరు అలాంటిది.

పిల్లలు దోశలు కావాలన్నారు. రొట్టె పెనం మీద పోశాను. రానంటే రానని అతుక్కుంది. అట్లకాడతో గీకుతుంటే గోడ అవతల కూడా గరగరా గీకుడు వినిపించింది, మాడిన రొట్టె వాసన వచ్చింది. అక్క దోశ పెనం మీద రొట్టె కాల్చి, పిండి మాడబెట్టుకుంది! నాకెంత హాయిగా అనిపించిందో. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

పోయి ఆ పెనం అడగవచ్చు కదా? నేనెందుకు అడుగుతాను. అనంతపురం బస్సెక్కి నాన్‌స్టిక్ పెనం తెచ్చాను. దోశ జారి పళ్లెంలో పడేది గానీ ఎర్రగా కాలేది కాదు. మా ఆయన ఒకరోజు ఇనుప అట్లకాడతో దాన్ని గీకి, పైపూత సగం ఊడగొట్టాడు. అల్యూమినియం పెనం తెస్తే నడుమ మాడేది, అంచులు పచ్చిగానే ఉండేవి. చివరికి పోత ఇనుము పెనం తెచ్చాను. మనవరాళ్లకు కూడా పనికొస్తుందని అంగడాయన చెప్పాడు. రెండు చేతులతో ఎత్తాలి దాన్ని. ఉల్లిపాయతో రుద్ది రుద్ది దారికి తెచ్చుకున్నాను.

దోశలు బాగా వచ్చిన మొదటి రోజే, దించబోతుంటే మసిగుడ్డ జారింది. పెనం కడప బండ మీద పడి రెండు ముక్కలైంది. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

మెల్లగా నడవడానికే ఆయాసపడే మా అక్క గోడెక్కి దూకింది. నాలుగు ఇటుకలు ఆమెతోపాటే రాలాయి.

“యాడ పడె మే? కాలి మింద పడలేదు కదా?” అంటూ కూర్చుని నా పాదాలు తడిమింది.

ముందు పలకరించింది ఆమే. గెలిచానని చెప్పుకోవడానికి నోరు రాలేదు, వెక్కి వెక్కి ఏడ్చాను. పెనం పోయినందుకు ఏడుస్తున్నాననుకుని, ఇంత బరువైనది ఎవరు కొనమన్నారని కాసేపు తిట్టింది. తర్వాత మేకుకు వేలాడుతున్న నా రొట్టె పెనాన్ని, దాని మీద గీకుళ్లను చూసి, గిరుక్కున తిరిగి గోడెక్కి వెళ్లిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను.

తిరిగి వచ్చినప్పుడు చంకలో దోశ పెనం ఉంది. నడుమ మాడిన పిండి మరక ఇంకా పోలేదు. నా పెనం పక్కన దాన్ని తగిలించింది.

“మరి నీకో?” అన్నాను.

“నాకేమిటికి? పొద్దున్నే ఈడికే వస్తాండా కదా. పిండి రుబ్బి పెట్టు.”

అన్నదమ్ములు ఇప్పటికీ మాట్లాడుకోరు. పొద్దున నా వంటింట్లో పక్కపక్కనే కూర్చుని దోశలు తింటారు. చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి అవతలివాడి ముందుంటే మాత్రం మమ్మల్ని అడిగి వేయించుకుంటారు.

రాలిన ఇటుకలను ఆ రోజే గోడ పక్కన పేర్చి మెట్టు కట్టాను. అటు రెండు, ఇటు రెండు. అక్కకు మోకాళ్ల నొప్పులు.