చుక్కకు తక్కువ నీరు

నీళ్ల ఆఫీసులో ఆయన్ని చెవాయన అనేవారు. కాగితాల మీద వేరే హోదా ఉంది. అది ఎవరికీ గుర్తులేదు.

ఆయన పని వినడం. నేల కింద గొట్టం ఎక్కడ కారుతోందో పైనుంచి విని చెప్పాలి. పనిముట్టు ఒక్కటే. నిలువెత్తు ఇనుప కడ్డీ, దాని తల మీద చిన్న చెక్క దొప్ప. కడ్డీ మొనను రోడ్డుకు ఆనించి, దొప్పకు ఎడమ చెవి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. తెల్లవారుతుండగా, బళ్లు రోడ్డెక్కకముందు, నాలుగడుగులకోసారి ఆగుతూ వీధంతా నడిచేవాడు.

కుళాయి చప్పుడు మొదలవుతుంది, ఆగుతుంది. లీకు ఊపిరి తీసుకోదు. కొత్తగా చేరినవాళ్లకు ఆయన చెప్పే పాఠం ఇంతే. ముప్పై ఏళ్లలో ఆయన సుద్దతో గీసిన గుర్తు కింద నీరు లేకపోవడమన్నది లేదు. గజం అటూ ఇటూ, అంతే.

వాల్వులు తిప్పేది ఆయన బావమరిది, భార్యకు తమ్ముడు. రోజూ వెంట ఉండేవాడు. మా అక్క మాట తప్ప భూమ్మీద అన్నీ వినిపిస్తాయి మా బావకి, అని అందరితో అనేవాడు.

యాభై రెండో ఏట ఎడమ చెవి దిమ్మెక్కింది. తల నీళ్లలో ముంచినట్టు ఉండేది. లోపల ఏదో హోరు. జలుబనుకున్నాడు. మూడో రోజు దుకాణాల వీధిలో కడ్డీ ఆనించి విన్నాడు. ఊపిరి తీసుకోని చప్పుడు. అంత పెద్దది ఎప్పుడూ వినలేదు. గుర్తు గీశాడు.

నలుగురు తవ్వారు. మోకాలి లోతు, నడుం లోతు. గొట్టం బయటపడింది. దాని చుట్టూ మట్టి పిండిలా పొడిగా రాలుతోంది. దుకాణాలవాళ్లు గుమిగూడారు. ఆయన గుంటలోకి వంగి చూశాడు. గుంట తిరిగింది. రోడ్డు, దుకాణాలు, మనుషుల కాళ్లు, అన్నీ ఒకే వేగంతో ఎడమకు తిరిగాయి. బావమరిది నడుం పట్టుకోకపోతే లోపలే పడేవాడు. వాంతి చేసుకుంటూ రోడ్డు మీద బోర్లా పడుకుని, రెండు చేతులతో తారును పట్టుకోబోయాడు. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు.

ఒక్కసారి కడ్డీ ఎత్తి చూసుంటే తెలిసేది, ఎత్తినా ఆ చప్పుడు ఆగదని. ముప్పై ఏళ్లలో ఎత్తి చూడాల్సిన అవసరం రాలేదు.

గుంట పూడ్చారు. రోడ్డు మీద అతుకు మిగిలింది. ఆఫీసు దానికి చెవాయన బావి అని పేరు పెట్టింది. ఇంజినీరు కడ్డీని స్టోరు గదిలో పెట్టించి, ఆయన్ని ఫిర్యాదులు రాసుకునే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. చెవి కుదుటపడ్డాక చూద్దామన్నాడు.

చెవి డాక్టరమ్మ దీని పేరు మెనియర్స్ జబ్బని చెప్పింది. బల్ల మీద ప్లాస్టిక్ చెవి ఉంది. దాన్ని విప్పి, నత్తగుల్ల లాంటి భాగాన్నీ దాని పక్కన మూడు వంపుల గొట్టాలనూ చూపించింది. అసలుది శనగగింజంత ఉంటుందట. అందులో నీరుంటుంది. వినడమూ, పడిపోకుండా నిలబడడమూ ఆ నీటి పనే. ఆ నీరు ఎక్కువై పొర ఉబ్బితే చెవి హోరెత్తుతుంది, లోకం తిరుగుతుంది.

ఆయన ఆ గొట్టాలను చాలాసేపు చూశాడు. ఎంత నీరుంటుందని అడిగాడు.

"ఒక చుక్క కూడా ఉండదండీ. చుక్కకు తక్కువే."

ఆయన చెరువులంత నీరు నేలలో ఇంకిపోకుండా ఆపినవాడు. తనను కింద పడేసింది చుక్కకు తక్కువ నీరు. ఇంటికి వెళ్లాక వంటగది కుళాయి కొంచెం తిప్పి, ఒక చుక్క అంచున ఊగి ఊగి రాలేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆ కుళాయి కూడా కారుతోందా అని భార్య అడిగింది.

మొదట ఉప్పు తగ్గించారు. ఒంట్లో నీరు తీసే మాత్రలిచ్చారు. తల తిరిగిన ప్రతి రోజుకూ భార్య క్యాలెండర్‌లో సున్నా చుట్టేది. ఒక నెలలో తొమ్మిది సున్నాలు. ఆ రోజుల్లో ఆయన గోడ పట్టుకుని నడిచేవాడు. గోడను కూడా నమ్మేవాడు కాదు. ఆర్నెల్లు గడిచినా సున్నాలు తగ్గలేదు.

అప్పుడు డాక్టరమ్మ, చిన్నప్పుడు పెదవి మీద జ్వరపు పొక్కు వచ్చేదా అని అడిగింది. వచ్చేదన్నాడు. ఆ వైరస్ పొక్కుతో పోదని ఆమె చెప్పింది. నరం మొదలు దగ్గర ముడుచుకుని ఏళ్లకేళ్లు పడుకుంటుంది. కొందరిలో అది చెవి నరం దగ్గర లేచి ఈ గొడవంతా చేస్తుందని ఒక అనుమానం. దాన్ని అణిచే మందు ఇచ్చి చూసిన డాక్టర్లున్నారు. కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలేదు. గట్టిగా తేలిన మాట కాదు. మూత్రపిండాలు బాగున్నాయో లేదో రక్తం చూసి, ఆయన సరేనంటే మొదలుపెడదామంది.

"అదే అని ఎలా తెలుస్తుంది?"

"తెలీదండీ. చెవిని తవ్వి చూడలేం కదా."

ఆయన చాలా నెలల తర్వాత నవ్వాడు. "మాదీ అదే పని, డాక్టరుగారూ. తవ్వకముందే చెప్పాలి."

"తప్పితే ఏం చేస్తారు?"

"గుంట పూడుస్తాం."

ఇంటికి నడుస్తూ పెదవి తడుముకున్నాడు. ఎనిమిదేళ్లప్పుడు ఆ పొక్కుకు అమ్మ వెన్న రాసేది. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. ఆ ఇల్లూ లేదు. ఆ పొక్కు తెచ్చినది మాత్రం తనతో పెళ్లికి వచ్చింది, ఉద్యోగానికి వచ్చింది, ముప్పై ఏళ్లు తనతో వీధి వీధీ తిరిగింది, ఒక్క మాట మాట్లాడకుండా. నేల కింద ఆవలి వీధి చప్పుడు విన్నవాడు. దీన్ని వినలేదు. ఆయనకు కోపం రాలేదు. ఒంట్లో తనకు తెలియని మేర ఎంతో ఉందనిపించి, అడుగు మెల్లగా వేశాడు.

మాత్రలు మూడు వారాలు ఎక్కువ మోతాదులో, తర్వాత తగ్గించి. నీళ్లు బాగా తాగాలన్నారు. భార్య గ్లాసు పట్టుకుని వెంట తిరిగేది. ఊరందరి గొంతు తడిపే ఆఫీసులో ఉండి గ్లాసు నీళ్లకు బతిమాలించుకునే మనిషిని ఎక్కడా చూడలేదనేది.

మొదటి నెల ఏడు సున్నాలు. రెండో నెల నాలుగు. తర్వాత ఒకటి. ఆ తర్వాతి పేజీలో అంకెలు తప్ప ఏమీ లేవు. ఆ పేజీ చింపడానికి ఆమెకు చేతులు రాలేదు. మందు వల్లేనా అని డాక్టరమ్మను అడిగింది. అయ్యుండొచ్చంది డాక్టరమ్మ. ఈ జబ్బు దానంతటదే కొన్నాళ్లు ఊరుకోవడం కూడా ఉందంది. వినికిడి కొంత తిరిగి వచ్చింది, అంతా కాదు.

హోరు కూడా సన్నబడింది. పూర్తిగా పోయిందో లేదో మాత్రం ఆయన చెప్పలేకపోయాడు. ఇంట్లో ఫ్యాను, వీధిలో బళ్లు, ఆఫీసులో ఫోన్లు. ఏది బయటిదో ఏది లోపలిదో తేల్చుకునే చోటు లేదు.

బడి వెనక వీధిలో పై అంతస్తులకు నీరెక్కడం లేదని ఫిర్యాదు వచ్చింది. రాసుకున్నది ఆయనే. రాసుకుని, కాగితం తీసుకుని ఇంజినీరు గదిలోకి వెళ్లి కడ్డీ అడిగాడు. ఇంజినీరు కాగితం చదివాడు. ఈసారి ఎండు గుంట తవ్విస్తే మళ్లీ అడగొద్దన్నాడు. ఆయన ఒప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆయనా బావమరిదీ వెళ్లారు. బావమరిది కడ్డీని గుడ్డతో తుడిచి ఇచ్చాడు. నాలుగడుగులు, ఆగడం. నాలుగడుగులు, ఆగడం. బడి గోడ మలుపులో చెవికి తగిలింది. సన్నని, ఊపిరి తీసుకోని చప్పుడు. కడ్డీ ఎత్తాడు. గాలిలో కూడా ఏదో ఉంది. ఎక్కడో మోటారు కావచ్చు. తనదే కావచ్చు.

సుద్ద జేబులోనే ఉంది.

"వాల్వు కట్టెయ్యరా," అన్నాడు.

"ఇప్పుడా? కుళాయిల దగ్గర బిందెలు పెట్టుకుని ఉంటారు బావా. తిట్లన్నీ నాకే."

"కట్టెయ్. చప్పుడు గొట్టానిదైతే ఆగుతుంది."

బావమరిది మూత ఎత్తి, పొడవాటి వాల్వు తాళం దించి తిప్పసాగాడు. ఆయన కుడి చెవిని అరచేత్తో మూసుకుని, ఎడమ చెవిని దొప్పకు ఆనించాడు. చుట్టు చుట్టుకూ చప్పుడు సన్నగిల్లింది. దారమైంది. వెంట్రుకైంది. ఆఖరి చుట్టుకు తెగిపోయింది.

ఆ తర్వాత ఏమీ లేదు.

ఆయన కళ్లు తెరవలేదు. ఇంకా లోపలికి విన్నాడు. గొట్టంలో లేదు, మట్టిలో లేదు, చెవిలో లేదు. ఏణ్ణర్ధం తర్వాత ఎడమ వైపు లోకం చివరిదాకా ఖాళీగా ఉంది. ఆ చుక్కకు తక్కువ నీరు కదలకుండా నిలిచి ఉంది, దాని మీద తను నిలబడి ఉన్నాడు.

"తెరవనా?"

ఆయన వేలు పైకెత్తాడు.

ఎదురు మేడ మీద ఎవరో కుళాయిని తిడుతున్నారు. బావమరిది తాళం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏం వినిపిస్తోంది బావా?"

"ఏమీ లేదురా. ఇంకాస్సేపు ఉంచు."