ఆమె ఇయ్యని నీళ్ళు

మణుగూరు నుంచి భద్రాచలం పోయే బస్సుల నా పక్కన ఒక చదువుకున్నామె కూసున్నది. ఎండకు నాకు దూపై గొంతు పిడచగట్టింది. ఆమె ఒళ్ళో నిండు సీసా కనబడితే "బిడ్డా, గిన్ని నీళ్ళియ్యి" అన్న. ఆమె సీసాను రెండు చేతుల్తోని దగ్గరికి గుంజుకున్నది. మా దిక్కు పగోడు అడిగినా నీళ్ళు లేవనరు.

"ఏందమ్మా, నేను తాగితే అంటైతదా?" అని మొహమ్మీదనే అడిగిన.

ఆమె బిత్తరపోయింది. "అయ్యో, గట్ల గాదు పెద్దమ్మా. ఇవి ఒక ఊరి వాగు నీళ్ళు. తాగినోళ్ళకు జబ్బులొస్తున్నయి. పరీక్ష చెయ్యనీకి తీస్కపోతున్న."

"మరి ఆ ఊరోళ్ళు?"

"ఇవే తాగుతున్నరు. వేరే నీళ్ళు లేవు."

ఆమె యూనివర్సిటీల అడవి, నేల, నీళ్ళు, మనుషుల బతుకు అన్నీ కలిపి పాఠం చెప్తదట. జబ్బులెందుకొస్తున్నయంటే నీళ్ళ సార్లు నేల సార్లను అడగమంటరట, వాళ్ళు డాక్టర్లను అడగమంటరట. అందుకే అందరినీ ఒక్కతాన కూసోబెట్టే కోర్సు పెట్టింది. అది ఏ డిపార్ట్‌మెంటు కిందికీ రాదని ఇప్పుడు మూసేస్తున్నరట.

"ఈ సీసా తర్వాత పరీక్ష చేసేటోళ్ళు లేరు పెద్దమ్మా. ఊళ్ళె ఆడోళ్ళకు మాత్రం మళ్ళొస్తనని చెప్పొచ్చిన."

నేను ముసలితనంల అక్షరాలు దిద్దినదాన్ని, ఆమె యూనివర్సిటీల పాఠం చెప్పేటామె. భద్రాచలం దాకా ఇద్దరం ఆ సీసానే చూసుకుంట కూసున్నం.

ఇప్పుడు ఎవరింట్ల నీళ్ళిచ్చినా, ఇవి ఏడికెల్లి తెచ్చిన్రని అడుగుత. వాళ్ళు నవ్వుతరు. దూప ఆగదు గదా, వాళ్ళు చెప్పకముందే తాగేస్త.